ఐరోపా రైళ్లలో దారిమధ్య నెక్కువాని చోటు

రైలుబండి బయలుదేరు ఊరిలోనే యెక్కువానికి చోటును గూర్చిన చింత స్వల్పము. పెట్టెలు ఖాళీగా నుండును. ముందు వచ్చినవాడు కిటికీ ప్రక్కను కూర్చుండును. దారిలో నాలుగవ స్టేషనునందో, పదవ స్టేషనునందో యెక్కువాని స్థితి యట్టిది కాదు. బండి యతని యొద్దకు వచ్చుసరికే జనముతో నిండి యుండును. అతడు నెల దినముల ముందుగనే రుసుము చెల్లించి యొక సీటును తన పేర వ్రాయించుకొని యుండవచ్చును. అయినను ఆ సీటులో మూడు గంటలనుండి మరియొకరు కూర్చుండి, మూట విప్పి ఫలహారము చేయుచుండవచ్చును. ఇప్పుడా చోటు ఎవరిది? ముందు డబ్బు కట్టినవానిదా, ముందు వచ్చి కూర్చున్నవానిదా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. బస్సు వచ్చి నిలువగానే కిటికీలోనుండి తువ్వాలు వేసి సీటు పట్టుట మన యూళ్లలో నందఱును ఎఱిగినదే. తువ్వాలు వేసినవాడు ద్వారము వద్ద తొక్కిసలాటలో నుండగా, లోపలనున్నవాడు దానిని తీసి ప్రక్కన బెట్టి కూర్చుండును. అటుపైన జరుగు వాదములో ఇరువురి మాటలయందును కొంత న్యాయముండును. ఎదుట లేనివాని హక్కునకును, ఎదుట నిలుచున్నవాని యవసరమునకును నడుమ తీర్పు చెప్పుట సులభము కాదు. ఐరోపా దేశములవారు ఈ తగవును గుఱ్ఱపు బండ్ల కాలమునుండి నేటి వేగపు రైళ్లవరకు పలు విధముల తీర్చుకొనుచు వచ్చిరి. ఆ తీర్పుల చరిత్రను, అందును విశేషించి దారిమధ్య నెక్కువాని పక్షమునుండి చూచి, నేడు మీకు మనవి చేసెదను.

రైళ్లు రాకమునుపు ఆ దేశములలో దూరప్రయాణమునకు గుఱ్ఱపు బండ్లే ఆధారము. ఇంగ్లండులో 1784వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన బ్రిస్టలు నగరమునుండి లండనునకు మొదటి టపాబండి బయలుదేరెను. జాన్ పామరు అను నాతడు పట్టుదలతో ప్రభుత్వము నొప్పించి ఈ పద్ధతిని నెలకొల్పెను. అంచె అంచెకును గుఱ్ఱములను మార్చుచు బండి రాత్రియు నాగక పోయెడిది. ఉత్తరముల సంచులతోపాటు లోపల నలుగురు ప్రయాణికులకు మాత్రమే చోటు. ఆ నలుగురిలో నొకడు కాదలచినవాడు ముందుగా సత్రము వద్దనుండు కచేరీకి పోయి, గుమాస్తా పుస్తకములో తన పేరు వ్రాయించుకొనవలెను. ఇంగ్లీషున బుక్ అనగా పుస్తకము. టిక్కెట్లమ్ము స్థలమును బుకింగ్ ఆఫీసు అనుట ఆ పుస్తకమునకు మిగిలిన గుర్తు. మన స్టేషనులకును ఆ పేరు రైలుతోపాటే వచ్చినది.

ఫ్రాన్సు దేశమున డిలిజాన్సు అను పెద్ద బండ్లు నడచెడివి. వానిలో ముందు గది, నడిమి గది, వెనుక గది యని భాగములుండెడివి. పైకప్పు మీదను కొందఱు కూర్చుండెడివారు. చోట్లకు అంకెలుండెను. ఎవడు ముందు పేరు వ్రాయించుకొనిన వానికి మంచి మూలచోటు దక్కెడిది. కనుక మొట్టమొదటి కాలమునందు ప్రయాణము, చోటు అను రెండును ఒక్కటియే. చోటు లేక ప్రయాణము లేదు.

దారిమధ్య నున్న యూరివానికి మాత్రము ఈ పుస్తకమువలన కలిగిన లాభము కొంచెము. బండిలో నెందఱున్నారో ఆ యూరి గుమాస్తాకు తెలియదు. ప్రయాణికుల జాబితా గార్డు చేతిలో నుండి బండితోనే ప్రయాణము చేయును. బండికంటె ముందుగా సామాన్యుని వార్త పోవు సాధనము లేదు. అందుచేత మధ్యయూరివాడు మూటతో సత్రము వాకిట నిలిచి, బండి వచ్చినంతనే లోపల ఖాళీ యున్నదాయని యడుగవలసినదే. లేనియెడల మరునాటి బండికొరకు వేచియుండవలెను.

1830వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గము తెఱవబడెను. తొలిదినములలో రైలువారు గుఱ్ఱపు బండ్ల ఆచారములనే అనుసరించిరి. మొదటి తరగతి పెట్టెను జూచినచో, మూడు గుఱ్ఱపు బండ్ల తొట్లను ఒక చట్రముపై చేర్చినట్లుండెడిది. టిక్కెట్టును గుమాస్తా కలముతో వ్రాసి యిచ్చి, పుస్తకములో పద్దు వ్రాసికొనెడివాడు. పది, ఇరువది మంది వచ్చు సత్రమునకు ఈ పద్ధతి చాలును. వందలకొలది జనము వచ్చు స్టేషనునకు ఎట్లు చాలును? గుమాస్తా వ్రాయుచునే యుండగా బండి కదలు వేళ యగుచుండెను.

ఈ చిక్కును విప్పినవాడు థామస్ ఎడ్మండ్‌సన్. 1792లో లాంకాస్టరులో జన్మించిన ఈయన మొదట కొయ్యసామానులు చేయు పనివాడు. కార్లైలు పట్టణములో పెట్టుకొనిన వ్యాపారము దివాలాతీయగా, 1836లో మిల్టను అను చిన్న స్టేషనునకు మాస్టరుగా కుదిరెను. ఊరికే కూర్చుండుట తెలియని చేతులగుటచే, ఆయన చిన్న అట్టముక్కలపై ఊళ్ల పేర్లను ముందుగనే అచ్చువేసి, వానికి వరుస సంఖ్యలు వేసి యుంచుకొనెను. తేదీ వేయుటకు ఒక యంత్రమును గూడ కల్పించెను. ఉదయమున మొదటి సంఖ్యను, సాయంకాలమున తుది సంఖ్యను చూచిన చాలును. ఎన్ని టిక్కెట్లమ్మితిమో, ఎంత సొమ్ము రావలెనో తేలిపోవును. 1839లో మాంచెస్టరు-లీడ్సు రైల్వేవారు ఈయనను పిలిపించుకొనిరి. తన పద్ధతిని వాడుకొనిన కంపెనీలవద్ద ఆయన మైలునకు సంవత్సరమునకు పది షిల్లింగుల చొప్పున పుచ్చుకొనెను. రెండుంబావు అంగుళముల పొడవుగల ఆ యట్టముక్క లోకమంతయు వ్యాపించెను. మన దేశమున నది ఇటీవలివరకును వాడుకలో నుండినదే. మీలో ననేకులు దానిని జేబులో భద్రపరచుకొని ప్రయాణము చేసినవారే.

ఈ యట్టముక్క చేసిన మార్పును మనము గుర్తింపవలెను. దానిపై ప్రయాణికుని పేరు లేదు. చోటు సంఖ్య లేదు. ఏ యూరినుండి ఏ యూరికి, ఏ తరగతి, ఎంత రుసుము అనునవి మాత్రమే యున్నవి. అనగా టిక్కెట్టు దారికి హక్కునిచ్చినది గాని చోటునకు హక్కునీయలేదు. ఒకటిగా నుండిన రెండు హక్కులు నాటితో విడిపోయినవి. దీనివలన మేలు కలుగలేదని చెప్పరాదు. దారిమధ్య నెక్కువాడు రేపటివరకు ఆగనక్కఱలేదు; టిక్కెట్టు కొని యెక్కవచ్చును. కాని యతనికి కూర్చుండు చోటు దొరకునను హామీ లేదు.

అప్పటి పెట్టెల నిర్మాణమును గూడ ఇందుకు తగినట్లే యుండెను. ఒక్కొక్క గదికి ఇరువైపుల తలుపులు. గదినుండి గదికి పోవు దారి లేదు. బండి నిలిచినప్పుడు ప్లాటుఫారముమీదినుండి కిటికీలలోనికి తొంగిచూచి ఖాళీ వెదకుకొనవలెను. ఫలహారమునకై దిగినవారు తమ చోటున గొడుగునో, చేతిసంచినో, వార్తాపత్రికనో యుంచి పోయెడివారు. మన తువ్వాలునకు వారి గొడుగు అన్నయే యన్నమాట. అట్టి వస్తువును తీసి కూర్చుండుట మర్యాద కాదని యెంచెడివారు. వ్రాతలో లేని హక్కు ఆ గొడుగు మీదనే యాధారపడి నిలిచెను.

చోటునకు మరల కాగితము కల్పించినవారిలో ముఖ్యుడు బెల్జియము దేశస్థుడగు జార్జి నాగెల్‌మాకర్సు. ఈయన అమెరికాకు పోయి, అచ్చట పుల్మను కంపెనీవారి పడకల పెట్టెలను చూచివచ్చి, 1876లో అంతర్జాతీయ పడకపెట్టెల కంపెనీని స్థాపించెను. ఆ కంపెనీకి సొంత పట్టాలు లేవు. ఆయా దేశముల రైల్వేలు తమ బండ్లకు ఈ పెట్టెలను తగిలించి లాగుకొనిపోయెడివి. కనుక ప్రయాణికుడు రెండు కాగితములు కొనవలసి వచ్చెను: దారికొరకు రైల్వేవారి టిక్కెట్టు, పడకకొరకు కంపెనీవారి చీటి. 1883వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన పారిసునుండి బయలుదేరిన ఓరియంటు ఎక్స్‌ప్రెస్సు ఈ పద్ధతికి పేరు తెచ్చెను. ఆ ప్రయాణికులు డాన్యూబు నదిని పడవలో దాటి, వార్నా రేవున ఓడ నెక్కి కాన్‌స్టాంటినోపులు చేరిరి. 1889నుండి నేరుగా రైలుమీదనే పోగలిగిరి.

రాత్రంతయు పరుండు పడకకు గొడుగు కాపలా చాలదు. వియన్నాలో నెక్కువాడు అర్ధరాత్రి వచ్చి నిద్రించుచున్నవానిని లేపుట యెవరికిని మేలు కాదు. కనుక ఏ పడక ఏ యూరినుండి ఏ యూరివరకు ఎవరిదో ముందుగనే నిర్ణయింపవలసి వచ్చెను. తంతి మార్గములు అప్పటికి నెలకొనియుండుటచే వార్త బండికంటె ముందుగా పోగలిగెను. గుఱ్ఱపు బండ్ల కాలమున సత్రము వాకిట నిలిచిన మధ్యయూరివానికి లేని సాధనము ఇతనికి లభించెను.

పగటిబండ్లలో ఈ మార్పునకు మూలకారణము నడవ. పెట్టె పొడవునను ఒక ప్రక్క నడవను, పెట్టెకును పెట్టెకును నడుమ కప్పుగల దారిని ఏర్పఱచిన బండ్లు ప్రష్యాలో 1892లో బెర్లిను-కొలోను మార్గమున ప్రవేశపెట్టబడెను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో గ్రేటు వెస్టరను రైల్వేవారు నడవగల బండిని నడపిరి. జర్మనీ బండ్లలో ప్రతి సీటునకు సంఖ్య నిచ్చి, దానికి వేరుగా రుసుము వసూలు చేసిరి. నడవ లేనిచో సంఖ్య నిరుపయోగము. నడవ యుండుటచే ఉద్యోగి బండి కదలుచుండగనే పెట్టెలన్నియు తిరిగి చూడగలడు; ప్రయాణికుడు దొరకిన తలుపున నెక్కి లోపలినుండియే తన చోటును వెదకికొనగలడు. వడ్రంగి చేసిన యొక చిన్న మార్పు న్యాయమునకు సాధనమయ్యెను.

ఇటుపిమ్మట పుట్టినదే గది తలుపు ప్రక్కను, సీటు పైభాగమునను దోపు చిన్న చీటి. దానిమీద సీటు సంఖ్యతోపాటు రెండు ఊళ్ల పేర్లు వ్రాసెదరు: ఎచ్చటనుండి, ఎచ్చటివరకు. ఈ రెండు పేర్లలోనే దారిమధ్య నెక్కువాని సమస్యకు పరిష్కారమున్నది. సీటు బండి పొడవునను ఒకనిది కాదు. అది కాలువనీటి వంతు వంటిది. నా వంతు వేళ వచ్చువరకు నీరు పై పొలమునకు పాఱుచునే యుండును. ఆ నీటిని నేనాపరాదు. నా వేళ రాగానే పైవాడు మడవ మళ్లింపవలెను, అతడు నన్నాపరాదు. నేనెక్కు స్టేషను వచ్చువరకు నా సీటులో ఇతరుడు కూర్చుండుట దోషము కాదు. అతడు చీటి చూచియే కూర్చుండెను. ఎప్పుడు లేవవలెనో యతనికి తెలియును.

దీనిని నేను స్వయముగా చూచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట జర్మనీలో మన్‌హైము స్టేషనునందు, హాంబుర్గునుండి బాజెలునకు పోవు బండి నెక్కితిని. ఇప్పుడచ్చట కాగితపు చీటికి బదులు సీటుపైన వెలుగు అక్షరములు కనబడును. నా సీటుమీద మన్‌హైము, బాజెలు అను పేర్లు వెలుగుచుండెను. అందులో నొక ముసలమ్మ కూర్చుండి యుండెను. నేను నోరు తెఱవకముందే యామె చేతిసంచి సర్దుకొని లేచి, నాకు నమస్కారపూర్వకముగా తల వంచి, ఎదుటి వరుసలోని మరియొక సీటునకు మాఱెను. ఆ సీటుపైన ఫ్రైబర్గునుండి బాజెలువరకు అని యుండెను. ఆమె దిగవలసినది ఫ్రైబర్గులోనే. చీటీలు చదువ నేర్చినవారికి రుసుము లేని చోటు కూడ దారి పొడవునను దొరకునని యామె నాకు మాటలాడకయే బోధించెను.

ఇక రెండవ ప్రశ్న యొకటి యున్నది. చీటిమీద పేరున్న యూరు వచ్చినను ఆ మనిషి రాకపోయినచో? డబ్బు కట్టినాడని ఖాళీ సీటును బాజెలువరకు మోసికొనిపోవలెనా, ఎదుట నిలుచున్న ముసలివానిని కూర్చుండనీయవలెనా? అగాథా క్రిస్టీ 1934లో ప్రకటించిన ఓరియంటు ఎక్స్‌ప్రెస్సు నవలలో కథకు మొదలే ఈ చిక్కు. ఇస్తాంబులులో పడకలన్నియు నిండియుండగా, హారిసు పేర నొక పడక పుచ్చుకొనినవాడు బండి కదలు వేళకును రాలేదు. ఆ పడక అపరాధ పరిశోధకుడగు పోయిరోకు లభించెను. రానివాని హక్కు కొంత సేపటికి చెల్లిపోవునను సూత్రమును ఆనాటి చదువరులు వింతగా నెంచలేదు.

జర్మనీ రైల్వేల నియమము దీనికి గడువు నేర్పఱచినది. చీటిలో వ్రాసిన స్టేషనునుండి బండి బయలుదేరిన 15 నిమిషములలోగా వచ్చి కూర్చుండనిచో, ఆ సీటుపై హక్కు పోవును, ఎవరైనను కూర్చుండవచ్చును. టిక్కెట్టు మాత్రము చెల్లును, ప్రయాణము పోదు. ఈ నియమము నెఱుగక చిక్కుపడువారు కొందఱు గలరు. ఫ్రాంక్‌ఫర్టునుండి సీటు వ్రాయించుకొని, చుట్టమింటికి పోవలసి వచ్చి మన్‌హైములో నెక్కినచో, అప్పటికి గడువు మీఱి యుండును. సీటులో వేఱొకరున్నచో వారిని లెమ్మనుటకు వీలు లేదు. కావున ఎచ్చట నెక్కుదుమో అచ్చటినుండియే చోటు వ్రాయించుకొనుట వివేకము. మన దేశమునందును ఇట్టిదే కలదు: ఎక్కు స్టేషనును మార్చుకొనదలచినవాడు ముందుగా రైల్వేవారికి తెలుపవలెను, తెలుపక రానివాని పడకను టిక్కెట్టు తనిఖీదారు మరియొకరికి ఇచ్చివేయును.

ఐరోపాలోని దేశములన్నియు ఒకే మార్గమున నడచుట లేదు. ఫ్రాన్సువారు 1981 సెప్టెంబరులో పారిసు, లియాను నగరముల నడుమ వేగపు రైళ్లను ప్రారంభించినప్పుడు, చోటు చీటి లేనిదే ఎక్కరాదని నిర్ణయించిరి. 1992లో మాడ్రిడు, సెవిల్లె నగరముల నడుమ నడచిన స్పెయిను రైళ్లకును, 1994లో సముద్రము క్రింది సొరంగమార్గమున లండనునుండి బయలుదేరిన యూరోస్టారు బండ్లకును అదియే పద్ధతి. జర్మనీ, స్విట్జర్లాండు దేశములలో మాత్రము దేశములోపల తిరుగు బండ్లలో సాధారణముగా చోటు చీటి ఐచ్ఛికము. మొదటి పద్ధతిలో ఎవరును నిలిచి ప్రయాణము చేయనక్కఱలేదు, కాని చివరి నిమిషమున వచ్చినవాడు వెనుకకు పోవలసి రావచ్చును. రెండవదానిలో ఎవరును వెనుకకు పోనక్కఱలేదు, కాని నిలుచుండవలసి రావచ్చును. గుఱ్ఱపు బండి పుస్తకమునకును, ఎడ్మండ్‌సను అట్టముక్కకును గల పాత వివాదమే నేటికిని సాగుచున్నదని చెప్పవచ్చును. 1972లో యువకుల కొరకు వెలసిన ఇంటర్‌రైలు పాసు పుచ్చుకొని దేశములు తిరుగువారు ఈ భేదమును బాగుగా గుర్తింపవలెను. పాసు దారినిచ్చును, వేగపు బండ్లలో పెక్కింటికి చోటు చీటిని వేరుగా కొనవలెను.

కంప్యూటరు వచ్చిన పిమ్మట పుస్తకము ఒక గుమాస్తా బల్లమీదను గాక అన్ని స్టేషనులలో నొక్కమారే తెఱవబడి యున్నట్లయినది. మన దేశమున ఢిల్లీలో 1980 దశకపు మధ్యకాలమున ఈ పద్ధతి మొదలై తక్కిన నగరములకు వ్యాపించెను. బండి నడచుచుండగనే రెండు స్టేషనుల అవతల నున్నవాడు సీటు కొనవచ్చును. ఇందుచేత జర్మనీ బండ్లలో కొన్ని సీట్లపైన, అవసరమైనచో విడువవలెనను హెచ్చరిక వెలుగుచుండును. కూర్చున్నవాడు తన కూర్చుండుట తాత్కాలికమని ముందుగనే తెలిసికొనును.

ఎవరి పిల్లలైనను ఆ దేశములలో చదువుచు, తల్లిదండ్రులను పిలిపించుకొనినచో ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనవలెను. మధ్యస్టేషనులో బండి రెండు మూడు నిమిషములే నిలుచును. పెట్టె సంఖ్యను ముందుగా తెలిసికొని, ప్లాటుఫారముపై వ్రేలాడు అక్షరములనుబట్టి ఆ పెట్టె నిలుచు చోటికి పోయి యుండవలెను. ఫ్రాంక్‌ఫర్టువంటి స్టేషనులలో పట్టాలు అంతమగుటచే బండి వచ్చిన వైపునకే మరలిపోవును. ముందు పెట్టె వెనుకదగును. వేళ మించినచో దగ్గఱి తలుపున నెక్కి, నడవలోనుండి నడచిపోవచ్చును. కొన్ని బండ్లు దారిలో రెండుగా చీలి వేర్వేరు ఊళ్లకు పోవునుగనుక, పెట్టె సంఖ్యను సరిచూచుకొనుట తప్పనిసరి. తన సీటులో నెవరైన నున్నచో గట్టిగా పలుకనక్కఱలేదు. చీటిని చూపిన చాలును.

ఈ చరిత్రయందు నాకు గౌరవము కలిగించిన విషయమొక్కటి. డబ్బు కట్టినవానికి హక్కు కలదని వారొప్పుకొనిరి. ఆ హక్కునకు మొదలును తుదియు నుండవలెనని కూడ ఒప్పుకొనిరి. ఎదుట లేనివాని చోటును అతడు వచ్చువరకు ఇతరుడు అనుభవింపవచ్చును. అతడు రాగానే లేవవలెను. అతడు గడువు మీఱినచో అడుగరాదు. చెఱువు నీటికిని, ఊరి బంజరునకును, ఉమ్మడి కళ్లమునకును మన పెద్దలు ఏర్పఱచిన కట్టుబాట్లలో ఈ నీతి మనకు పరిచితమే. ఆ ముసలమ్మ నాకు చోటు విడిచి లేచినప్పుడు ఆమె ముఖమున చిన్నతనము గాని కోపము గాని లేదు. వంతు ముగిసినదని తెలిసినవానికి లేచుటలో అవమానము లేదు. వంతు వచ్చినదని తెలిసినవానికి అడుగుటలో సంకోచము లేదు. తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకన్న, రెండు ఊళ్ల పేర్లు ముందుగా వ్రాసి యుంచుట మేలని వారు నూఱేండ్లకు పైబడి ఆచరించి చూపుచున్నారు.